ఎద్దుమూపు మీద బెల్లం

"ఆ, నిన్న యాడ ఆపిన?"

"కళ్ళు తిరిగింది నీకు గాదు, ఆయనకు అన్నవ్. గప్పుడే బర్రె తలుగు తెంపుకున్నది, నేను దానెంబడి ఉరికిన."

"ఆ, గదే. నాకు గాదు. సుందర్ రావుకు. నీ మీద ఒట్టు మొగిలీ."

మొగిలమ్మ చేతిలోని చీపురు ఆగిపోయింది. ఇంకా పొద్దు పొడవలేదు. వాకిట్లో మంచం అంచున కూర్చుని సువార్తమ్మ చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుంటోంది. మామూలు రోజైతే ఈ పాటికి కాజీపేట స్టేషన్ రోడ్డులో ఆమె ఇడ్లీ బండి చుట్టూ జనం మూగి ఉండేవారు, చట్నీ ఇంకొంచెం వెయ్యమని ఒకరు, చిల్లర ఇవ్వమని ఇంకొకరు. గుడ్ ఫ్రైడే నాడు మాత్రం బండికి సెలవు. ముందురోజే బస్సెక్కి పుట్టిన ఊరికి, అంటే పాలకుర్తి అవతల ఈ గుట్ట కింది పల్లెకు వచ్చేస్తుంది. రాత్రి పడుకోవడం చిన్ననాటి స్నేహితురాలు మొగిలమ్మ ఇంట్లోనే. పుట్టింట్లో ఎవరూ లేక కాదు, మొగిలమ్మలాగా కసిరే మనిషి అక్కడ లేక.

"మరి ఊరంత నువ్వే పడ్డవని అంటాండ్లు?"

"నేనే పడ్డనని చెప్పిన గదా!"

"ఎందుకు చెప్పినవే? నీకేమన్న పిచ్చా?"

"పిచ్చే. గప్పుడు పట్టిన పిచ్చి ఇప్పుడు దిగింది."

ఊరి వెనక పడుకున్న ఎద్దులా ఉంటుంది ఆ గుట్ట. పొలాల వైపు సన్నగా తోక, ఆ తర్వాత పిర్ర, అక్కడి నుంచి పొడుగ్గా సాగిన వెన్ను, చివర ఒక్కసారిగా లేచిన మూపు. అందుకే దాన్ని ఎద్దుమూపు గుట్ట అంటారు. గుడ్ ఫ్రైడే నాడు కాజీపేట నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి కథోలికులు వచ్చి సిలువ మార్గం చేస్తారు. ప్రభువు సిలువ మోసిన దారిని పద్నాలుగు స్థలాలుగా తలుచుకుంటూ, ఒక్కో చోట ఆగి ప్రార్థన చదువుతూ, కర్ర సిలువతో పైకి నడుస్తారు. పక్కదారిన ఎక్కి వెన్ను మీదికి చేరే చోట నాలుగో స్థలం. తల్లి కొడుక్కు ఎదురొచ్చిన ఘట్టం అది. పన్నెండోది, ప్రభువు ప్రాణం విడిచిన స్థలం, మూపు మీద. అది చదివాక గుట్ట దిగి నేల మీద కాలు పెట్టేదాకా ఎవరూ నోరు విప్పకూడదు; మిగిలిన రెండూ కింద పందిట్లో చదువుతారు. ఆకలికి, ఎండకు సువార్తమ్మ ఎన్నడూ జంకలేదు. ఆ మౌనమే ఆమె ప్రాణానికొచ్చేది.

ఎందుకంటే ఆమెది అలాంటి గొంతు. చిన్నప్పుడు హాస్టల్లో పాటల గుంపులోంచి ఆమెను తీసేశారు, నలభై మంది పాడుతుంటే ఒక్కతే వినపడుతోందని. ఆ గొంతునే మెచ్చి చేసుకున్నాడు శాంసన్. లోకో షెడ్డులో ఫిట్టర్ ఉద్యోగం. "ఇంజన్ల మోతకు నాకు సగం చెవుడొచ్చింది. దునియాల నీ మాట ఒక్కటే నాకు సాఫ్‌గ వినవడ్తది" అనేవాడు. అది మెచ్చుకోలో వెక్కిరింతో ఆమెకు చివరిదాకా తేలలేదు. ఏమైనా సరే, ఆ మాట విన్నరోజు సాంబారు చిక్కగా ఉండేది.

శాంసన్ ఈ గుట్టకు ఒక పని చేసిపెట్టాడు. మూపు మీద చెక్క సిలువ ప్రతి వానాకాలం గాలికి పడిపోతుంటే, వేలంలో కొన్న పాత రైలు పట్టా ముక్కలు రెండు స్నేహితులతో మోయించి, పైనే వెల్డింగుతో అతికించి నిలబెట్టాడు. ఆ రెండు ముక్కలూ కలిసే చోట అతుకు లావుగా, వంకరగా, చీమల బారులా ఉంటుంది. "సక్కగ రాలే" అని ఆయన నొచ్చుకునేవాడు. ఆయన షుగరు ముదిరి పోయాడు. పోయాక కూడా ఆమె ఏటా ఉపవాసంతో నడిచి, నాలుగో స్థలం మైకు లేకుండా చదివి, మూపెక్కి ఆ వంకర అతుకు మీద అరచెయ్యి పెడుతుంది. అంతే. ఏమీ అడగదు. ఏడాదికి సరిపడా ఏదో ఆ చేతిలోకి ఎక్కించుకుని దిగొస్తుంది.

దాన్నే ఈసారి లేకుండా చేశాడు సుందర్ రావు.

సుందర్ రావు రైల్వే ఆఫీసులో హెడ్ క్లర్కుగా చేసి రిటైరైన మనిషి, విచారణ, అంటే చర్చి, కమిటీకి ప్రెసిడెంటు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. ఉపవాసం ఉండలేనివాళ్ళు గుట్ట ఎక్కకూడదని నియమం పెట్టింది ఆయనే. ఫాదర్‌గారు మాత్రం రోగులకు, ముసలివాళ్ళకు ఉపవాసం అక్కర్లేదని ప్రతి ఏడూ పూజలో చెబుతారు. అయితే ప్రెసిడెంటు ఆ వెంటనే మైకందుకుని "ఉండగలిగితే మంచిదని ఫాదర్‌గారి భావం" అని సవరిస్తాడు.

ఆయనకూ షుగరే. పోయినేటి దాకా ఆ సంగతి ఆయన భార్య రెబెకాకు, డాక్టరుకు తప్ప ఎవరికీ తెలియదు.

"పోయినేడు ఏమైందంటే," సువార్తమ్మ లేచి నిలబడింది, కూర్చుని చెప్పే కోపం కాదది. "పొద్దుగాల షుగరు సూది తీస్కున్నడట, ఏం తినలే. తొమ్మిదో స్థలం కాడ అందరు ముంగట వోతాండ్లు, నేను ఎనక. సూస్తే ఈయన బండకానుకోని చెమటలు. మాట ముద్దగొస్తాంది. మా శాంసన్‌ను సూసిన కండ్లు గావా ఇవి? కొంగున చాక్లెట్ ఉండె, నోట్ల పెట్టిన. జర సేపటికి తేరుకున్నడు. తేరుకోని నా చెయ్యి పట్టుకోని, 'సువార్తమ్మా, నా పరువు' అన్నడు. అటు జనం ఉరికొస్తాండ్లు. ఏమనుకున్ననో ఏమో, నేనే బండ మీద ఒరిగిన."

"ఒరిగినవా!"

"ఒరిగి కండ్లు మూసిన. చాక్లెట్ కాయితం నా చేతుల్నే ఉండె. ఉపాసం చెడగొట్టింది నేనే, పడ్డది నేనే. ఆయన నా నెత్తి మీద గొడుగు వట్టి నిలవడ్డడు, బైబిల్ల దారిల పడ్డోన్ని లేపిన మంచి సమరయుని లెక్క!"

మొగిలమ్మ నవ్వాపుకోలేకపోయింది. సువార్తమ్మ చూపు చూసి ఆపుకుంది.

అక్కడితో ఊరుకుని ఉంటే సువార్తమ్మ కూడా మర్చిపోయేదేమో. మొన్న మట్టల ఆదివారం నాడు పూజ కాగానే ప్రెసిడెంటు మైకు పట్టుకున్నాడు. "కొందరు వయసు, ఆరోగ్యం చూసుకోకుండా గుట్ట ఎక్కి, పవిత్ర ఉపవాసాన్ని భంగపరిచి, ఊరేగింపుకు ఆటంకం కలిగించారు. అటువంటివారు ఈసారి కింద పందిట్లోనే కూర్చుని ప్రార్థన చేసుకోవాలి. నాలుగో స్థలం శ్రీమతి రెబెకా గారు చదువుతారు." గుడిలోని తలలన్నీ ఒక్కసారి సువార్తమ్మ వైపు తిరిగాయి. చేతిలోని ఈతమట్ట ఆమె పిడికిట్లో నలిగి తాడైపోయింది. లేచి అరిచేదే. ఫాదర్‌గారు ఆశీర్వాదం మొదలుపెట్టారు.

"ఒక్కసారన్న నా దిక్కు సూడలే మొగిలీ. గదే మండింది నాకు. సూస్తే, 'సరే, భయపడ్డడు' అనుకుందు."

"ఇప్పుడేం జేద్దామని?"

"ఎక్కుత. పక్కదారిల వాలంటీర్లను పెట్టిండట. నేను తోక దిక్కు నుంచి ఎక్కుత."

"తోక దిక్కా? చిన్నప్పుడు సీతాఫలాలకు ఎక్కినం ఆడ. గిప్పుడు నీ మోకాళ్ళకు..."

"నా మోకాళ్ళ సంగతి నాకెరుక. నువ్వొస్తవా, రావా?"

"రాకుంటె ఎట్ల? మా మైసమ్మ ఆ దారిల్నే ఉన్నది. బెల్లం వెట్టక రెండు వారాలాయె." మొగిలమ్మ ఇంట్లోకి పోయి కొంగున బెల్లం ముక్క ముడేసుకుని వచ్చింది. "నువ్వు నీ దేవునికాడికి, నేను నా తల్లికాడికి. పా."

తోక దారి అంటే దారేమీ కాదు. మేకలు తొక్కిన జాడ, దాని మీద జారుడు గులకరాళ్ళు, రెండు పక్కలా బట్టలు పట్టి లాగే తుప్పలు. పిర్ర దగ్గర నిటారు బండ ఒకటి. చెప్పులు విప్పి చేత పట్టుకుని, వేళ్ళు బండ సందుల్లో దూర్చి ఎక్కాలి. సువార్తమ్మ ఎక్కుతూ తిడుతోంది. ఒక్కో అడుగుకు ఒక్కో తిట్టు. హెడ్ క్లర్కు, ఇస్త్రీ చొక్కా, పెన్నులు, గొడుగు, ఏదీ వదల్లేదు.

"ఉపాసమున్నోళ్ళు తిట్టొచ్చునా?" కింద నుంచి మొగిలమ్మ అడిగింది.

"తినొద్దన్నరు గని తిట్టొద్దనలే."

"మంచిగున్నది మీ మతం."

"నోరు మూసుకోని నా కాలుకింద చెయ్యి వెట్టు!"

మొగిలమ్మ చెయ్యి పెట్టింది, సువార్తమ్మ దాని మీద కాలేసి లేచింది, ఆ తర్వాత పైనుంచి కొంగు వేలాడేసి మొగిలమ్మను లాగింది. ఇద్దరూ బండ మీద వెల్లకిలా పడి కాసేపు కొండముచ్చుల్లా రొప్పారు. నిజంగానే పక్క చెట్టు మీంచి కొండముచ్చు ఒకటి వాళ్ళను వింతగా చూస్తోంది.

అక్కడి నుంచి వెన్ను. గాలి మొదలైంది. ఇద్దరు మనుషుల వెడల్పున పొడుగ్గా సాగిన రాతి గట్టు, అటు చూస్తే కోతకొచ్చిన వరి మడులు, ఇటు చూస్తే ఎండి పగిలిన చెరువు అంచు. రెండు వైపులా జారుడే. నడుమ మడమ ఆనించేంత గరుకు. చూపు ముందు రాయి మీదే ఉంచి నడవాలి. సువార్తమ్మ మోకాలు రెండు సార్లు కలుక్కుమంది. రెండుసార్లూ ఆమె మోకాలినే తిట్టింది. ఎండ వీపు మీదికి ఎక్కింది. గొంతు ఎండి అట్టలా అయ్యింది, నీళ్ళు తాగకూడదు. దారిలో గూడులాంటి రాతి సందులో పసుపు పూసిన మైసమ్మ కనిపిస్తే మొగిలమ్మ ఆగబోయింది.

"వచ్చేటప్పుడు వెట్టొచ్చు తియ్యి, వాళ్ళొస్తాండ్లు" అని సువార్తమ్మ చెయ్యి పట్టి లాగింది. అవతలి పక్కదారి నుంచి పాట వినిపిస్తోంది మరి.

మూపు కిందికి చేరేసరికి ఊరేగింపు వెన్ను మీదికి వచ్చింది. ఇక్కణ్ణుంచి తెల్లబట్టల బారు, ముందు కర్ర సిలువ చక్కగా కనబడుతున్నాయి. నాలుగో స్థలం. రెబెకా చేతిమైకులో చదవడం మొదలుపెట్టింది. మంచి మనిషే పాపం. అయితే మైకు నోటికి ఆనించి, గుక్క తిప్పకుండా, కరెంటు బిల్లు చదివినట్టు చదువుతోంది. తల్లి కొడుకును చూసిన చోట కూడా ఆగలేదు.

సువార్తమ్మకు ఒళ్ళు మండిపోయింది. బండ మీద నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డంపెట్టి, తానెప్పుడూ చదివే మాటలు అందుకుంది. కాగితం అక్కర్లేదు. తల్లి ఎదురొచ్చిన చోటుకు రాగానే గొంతు దానంతటదే వణికి, ఆగి, మళ్ళీ లేచింది. గాలి ఇటు నుంచి అటు. మైకును ముంచేసి ఆ గొంతు వెన్ను పొడుగునా పోయింది. తెల్లబట్టల బారు ఆగిపోయింది. తలలు పైకి లేచాయి. రెబెకా మైకు దించేసింది. ఎవరో ముసలామె అక్కణ్ణుంచే "ఆమెన్!" అంది.

ఒక్క మనిషి మాత్రం బారులోంచి విడిపోయి ఇటు పరుగులాంటి నడకతో వస్తున్నాడు. ఇస్త్రీ చొక్కా.

"ఆగలేవాయె" అంది మొగిలమ్మ. "ఇగ సూడు."

వెనక ఊరేగింపు ఒక్కో స్థలం దగ్గర మోకరించి, చదివి, లేచి వస్తోంది. సుందర్ రావు ఎక్కడా మోకరించలేదు. ఎండలో, ఉత్త కడుపుతో, రాతి గట్టు మీద ఎగశ్వాసతో వచ్చాడు.

"సువార్తమ్మా! కమిటీ తీర్మానమంటే నీకు లెక్కలేదా? దిగు!"

"ఏ తీర్మానమన్నా? పడ్డోళ్ళు ఎక్కొద్దనా? మరి నువ్వెట్ల ఎక్కినవ్?"

"మెల్లగ మాట్లాడు."

"నాకు మెల్లగ రాదు. నలభై మందిల నాదొక్కదే వినవడ్తది, నీకెరుకనే గదా!"

"పోయినేడు నువ్వు చేసిన మేలు నేను మర్వలే..."

"మర్వలే? మైకుల చెప్పినవ్ గదా, ఉపాసం చెడగొట్టిన్నని! నా మొగడు నిలవెట్టిన సిలువకాడికి నన్ను రావొద్దన్నవ్. మేలు చేస్తే నన్ను పందిట్ల కూసోవెడ్తవా?"

"అది కాదు... అందరు అడుగుతాండ్లు... నేను..." ఆయన మాట తడబడింది. నుదుటి మీద చెమట పూసలు కట్టింది. చెయ్యి గాల్లో దేనికోసమో వెతికి, దొరక్క, మనిషి గట్టు అంచున కూలబడ్డాడు. పెన్ను ఒకటి జేబులోంచి జారి, రాళ్ళ మీద టకటకలాడుతూ లోయలోకి పోయింది.

సువార్తమ్మ పైకి చూసింది. పట్టా ముక్కల సిలువ ఎండలో నల్లగా నిలబడి ఉంది. ఇంకొక్క బండ ఎక్కితే చెయ్యి అందుతుంది.

"పోదాం పావే" అంది మొగిలమ్మ. "వాళ్ళ మంది వస్తానే ఉన్నరు. వాళ్ళే సూసుకుంటరు."

"వాళ్ళొచ్చేదాక ఉంటడా? ఈడ్నించి జారితే దొరకడు." సువార్తమ్మ పళ్ళు కొరికింది. "సూది తీస్కోని ఉపాసముండుడు! గీ మొగోళ్ళకు ఏం రోగమో! మా ఆయనా గిట్లనే దాపెట్టి దాపెట్టి పాయె. ఆ బెల్లం తే!"

"అది మైసమ్మదే!"

"మైసమ్మకు షుగర్ పడిపోలే, తే!"

ఆయన చొక్కా పట్టి గట్టు నడిమికి ఈడ్చి, దవడ నొక్కి, బెల్లం ముక్క పెట్టబోయింది. ఆయన పెదాలు బిగించాడు. కళ్ళు మాత్రం ఊరేగింపు వైపు తిరిగాయి. "వద్దు... సూస్తరు..."

"సూడనియ్! సచ్చినా మంచిదే గని సూడొద్దా? నోరు తెరువ్!"

తెరిచాడు. ఆమె వేళ్ళతోనే అదిమింది. బెల్లం కరిగి మీసాలకు, గడ్డానికి కారింది. ఈసారి ఆమె ఒరగలేదు. పక్కన నడుం మీద చేతులేసుకుని నిలబడింది, ఎవరొచ్చి చూసినా సరే అన్నట్టు. మనసులో ఒక చిన్న ఆశ కూడా పుట్టింది. ఇప్పుడైనా చెబుతాడు, నాకే కళ్ళు తిరిగాయి, పోయినేడూ నాకే అని. రెండు ముక్కలు. అంతే కదా.

ఊరేగింపు వచ్చి చుట్టూ ఆగింది. రెబెకా పరుగున వచ్చి "ఏమైందండీ?" అంది. సుందర్ రావు కళ్ళలోకి వెలుగు వచ్చింది, మాటా వచ్చింది. ఆయన చొక్కా సర్దుకున్నాడు.

"ఏం లేదు. సువార్తమ్మకు మళ్ళ కళ్ళు తిరుగుతున్నయంటే... పట్టుకుందామని వచ్చిన."

బెల్లం ఇంకా ఆయన మీసం మీద మెరుస్తూనే ఉంది. ఈగ ఒకటి వచ్చి వాలింది.

రెబెకా భర్త మీసం చూసింది, సువార్తమ్మ చేతి వేళ్ళు చూసింది, తల దించుకుంది. ఫాదర్‌గారు గొంతు సవరించుకున్నారు.

సువార్తమ్మకు నవ్వొచ్చింది. ఆ నవ్వు వెనకాలే ఎప్పుడూ ఎరగనంత కోపం వచ్చింది, చెవుల్లో రైలింజను కూతలాగా. అయినా అరవలేదు. కుచ్చిళ్ళు మరోసారి ఎగదోపుకుంది.

"కండ్లు తిరిగిన మనిషి ఎట్ల ఎక్కుతదో అందరు సూడుండ్రి" అంది.

చివరి బండకు మెట్లు లేవు. జనం కర్రల మీద, ఒకరి చేతులు ఒకరు పట్టుకుని ఎక్కుతారు. ఆమె ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. అరచేతులు ఆనించి, మోకాలి నొప్పిని పంటి కింద పెట్టి, ఒక్కో గరుకు వెతుక్కుంటూ, అందరి కళ్ళ ముందూ ఎక్కింది. పైన గాలికి కొంగు జెండాలా కొట్టుకుంది. పట్టా ముక్కలు ఎండకు కాలుతున్నాయి. వంకర అతుకు మీద అరచెయ్యి పెట్టింది. చుర్రుమంది. తియ్యలేదు.

అప్పుడు జనం వైపు తిరిగింది. ఇక్కణ్ణుంచి అరిస్తే మూడు ఊళ్ళకు వినపడుతుంది. నోరు తెరిచింది కూడా. ఆ లోపలే ఫాదర్‌గారు ఎక్కి వచ్చి పన్నెండో స్థలం అందుకున్నారు. అందరూ మోకరించారు. సువార్తమ్మ కూడా, తప్పక. ఇక మౌనం.

అంత పొడుగు గుట్ట ఆమె నోరు మూసుకుని దిగింది. మొగిలమ్మకు ఆ నియమం లేదు గనక దారిపొడుగునా ఆమె వంతు తిట్లు కూడా తానే తిట్టింది. మధ్యలో మైసమ్మ దగ్గర ఆగి, "ప్రెసిడెంటు తిన్నడు తల్లీ, రేపు తెస్త" అని దండం పెట్టింది.

సాయంత్రం మొగిలమ్మ వాకిట్లో గంజి తాగి, సువార్తమ్మ ఫోను తీసి ఒళ్ళో పెట్టుకుంది. అరచేతి మీద ఎర్రగా కమిలింది.

"ఎవలికి? ఫాదర్‌కా?"

"ఫాదర్‌కెందుకు? ఆయనకే. ఈస్టర్ పూజకు ఇంక ఒక్క దినమున్నది. మైకు ఆయన చేతుల్నే ఉంటది గదా. తనే చెప్తడా, నేను లేచి చెప్పాల్నా, గదొక్కటే అడుగుత. నాకు మైకు సుత అక్కెర లేదు."

"మరి చెయ్యి!"

సువార్తమ్మ పొద్దు వైపు చూసింది. ఎద్దుమూపు నీడ పొలాలు దాటి వాకిటి దాకా సాగింది.

"ఇప్పుడు వద్దు. ఇది సూది తీస్కునే యాళ్ళ. ఇంత తిననియ్. తినకముందు చేస్తే ఫోన్ల నా గొంతు వినంగనే మళ్ళ పడ్తడు, బెల్లం వెట్టెటందుకు నేను పక్కకు లేనాయె. తిన్నంక చేస్త."